సానపట్టిన కేక

“ఆ కరెంటు తీగ తడిలో పడున్నాదే! ఎవులైనా సూసినారా?”

అప్పలనరసమ్మ గుండెలు బాదుకుంటూ అడిగింది. కానీ మెడలోని గళసాన ఆ మాటని జోలపాట చేసి వదిలింది. వేదిక సర్దుతున్నవాళ్లు ఆమెకేసి చూసి, చిరునవ్వు నవ్వి, మళ్లీ పనిలో పడ్డారు.

విశాఖలో గళసాన లేని మెడ కనిపించడమే అరుదైపోయింది. గొంతులోని బొంగురునీ వణుకునీ కోపాన్నీ అరగదీసి, మాట నోరు దాటేలోపే శ్రుతిలో పెట్టే పట్టీ అది. చేపల బజారులో తగాదాలు సైతం కచేరీలా వినిపించేవి. చాన్నాళ్లు లొంగనిది ‘ఉప్పుగాలి’ బృందం ఒక్కటే. పాతకాలపు తీగల గిటార్లు, పచ్చి గొంతులు; ఆ గరుకుతోనే వాళ్లకి పేరొచ్చింది.

అందులో పాడేది అప్పలనరసమ్మ కూతురు తన్మయి. “అలాగ అరిస్తే నెత్తురు కక్కుతావే” అని తల్లి ఏడ్చి, మొక్కుకుని, అన్నం మానేసి, చివరికి ఆ మెడకీ పట్టీ కట్టించింది. అలా తయారైన నున్నటి కొత్త ఆల్బమ్‌కి ఈ రోజు పండగ.

“తీగ తడిసిపోనాదే, తల్లీ!”

“నీకు చెంబు ఒలికినా ఉప్పెనేనే అమ్మా! ముందు వరసలో కూకో. బాగా పాడితే చప్పట్లు కొట్టాల మరి.”

ఆఖరి పాటలో తన్మయి పాదం ఆ తీగ మీద పడింది. ఒళ్లు విల్లులా వంగింది. వేళ్లు గిటారుని వదల్లేకపోయాయి. “అమ్మా!” అని అరిచింది. ఆ అరుపు తేనెధారలా, పైస్థాయిలో, ఎక్కడా తొణక్కుండా సాగింది. వెనక డ్రమ్స్ దగ్గరున్న దిలావర్ హుషారుగా దరువు పెంచాడు. జనం లేచి నిలబడ్డారు. కూతురి గొంతు గురించి దిగులు పడకుండా అప్పలనరసమ్మ విన్న మొదటి పాట అదే.

కర్మలయ్యాక దిలావర్ వచ్చి కూర్చున్నాడు. వీధిలో ఆ ‘అమ్మా’ మోగుతోంది. కంపెనీవాళ్లు దాన్ని ఆల్బమ్ చివర చేర్చారు. పసిపిల్లల్ని దానితోనే నిద్రపుచ్చుతున్నారట.

అప్పలనరసమ్మ తన మెడలో పట్టీ తెంపి పారేసింది. బయటికొచ్చిన బొంగురు గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

“నువ్వు ఎనకాలే ఉన్నావు గదా, బాబూ. అది నన్ను పిలిసినప్పుడు నానేటి సేస్తన్నాను?”

దిలావర్ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. బయట పాట అయిపోయి, మళ్లీ మొదలైంది. అతడు మెల్లగా తన పట్టీ కూడా విప్పి పక్కన పెట్టాడు.

“చప్పట్లు కొడతన్నావు పిన్నీ. అందరికన్నా ముందు నువ్వే కొట్టావు.”