ఎనిమిది మిల్లీమీటర్లు

"అడగాల్సింది ఏమైనా ఉంటే మొహమాటపడకుండా అడుగు బాబూ," అన్నాడు చెంచురామయ్య.

శ్రీకృష్ణ మొహమాటపడలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, ఎదురుగా కూర్చున్న జ్యోతిర్మయిని అడిగాడు.

"చిన్నప్పుడు బొటనవేలు చీకేవారా?"

ప్రత్తిపాడులో చెంచురామయ్య ఇంటి ముందు గదిలో ఆయన కూతురి పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. శ్రీకృష్ణ తల్లి కొడుకు మోచేతి మీద గిల్లింది. అప్పటికే ఆలస్యమైంది.

జ్యోతిర్మయి తల ఎత్తింది.

"ఏడేళ్ళొచ్చేదాకా చీకాను. మీరు ఎప్పుడు మానేశారు?"

"నా సంగతి కాదండీ. పై పళ్ళు ముందుకొచ్చాయి గదా, కారణం తెలుసుకుందామని. చూపుకి ఎనిమిది మిల్లీమీటర్లు అనిపిస్తోంది. స్కేలు పెడితే అర మిల్లీమీటరు అటూ ఇటూ."

"పిల్లని చూడటానికొచ్చావా, పొలం కొలవటానికొచ్చావా?" అంది జ్యోతిర్మయి మేనత్త వెంకటరావమ్మ.

అది 2002. శ్రీకృష్ణ గుంటూరు బ్రాడీపేటలో క్లినిక్ తెరిచి ఏడాది అయింది. బోర్డు మీద ఆర్థోడాంటిస్ట్ అని ఉంటుంది. వచ్చేవాళ్ళలో సగం మంది పుచ్చు పన్ను పీకించుకోవటానికి వచ్చి, ఇక్కడ వంకర పళ్ళని వరసలోకి తెస్తారని తెలుసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆయనకి ఎవరిని చూసినా ముందు పళ్ళు కనపడతాయి. తర్వాత మనిషి.

సంబంధం అక్కడితో ఆగింది. తిరిగి వస్తుంటే కారులో తల్లి అడిగింది.

"పిల్ల నచ్చలేదా ఏంట్రా?"

"నచ్చిందమ్మా. నీ కొడుక్కి ఎదురుచెప్పింది చూశావా? బాగుంది."

"ఆ ముక్క అక్కడ అనొచ్చుగా?"

"పిల్ల బాగుందన్నది అందరికీ కనపడేదేగా. కనపడనిది చెప్దామని."

ఆ రాత్రే ప్రత్తిపాడు నుంచి కబురొచ్చింది. అమ్మాయి వద్దంది.

జులైలో ఒక సాయంత్రం వాన పడుతోంది. క్లినిక్‌లో సహాయకురాలు జయకుమారి తలుపు తీసి తర్వాతి పేషెంటుని పిలిచింది. గొడుగు మడుచుకుంటూ జ్యోతిర్మయి లోపలికి వచ్చింది. శ్రీకృష్ణ గబాల్న లేచాడు. చక్రాల స్టూలు వెనక్కి జారి గోడకి కొట్టుకుంది.

"మీరు కనిపెట్టారు గదా. బాగుచేయండి," అందామె.

"ఆ రోజు నేను అలా అడగటం..."

"అడిగిన చోటు బాగాలేదు. కొలత మీద నాకు కోపం లేదు. కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను నేను. ఇంట్లో అందరూ నోరు మూసుకుని నవ్వమన్నవాళ్ళే గానీ, ఎంత ముందుకున్నాయో, వెనక్కి పోతాయో లేదో ఒక్కరూ చెప్పలేదు. పోతాయా?"

"పోతాయి. ఏడాదిన్నర పడుతుంది."

"సరే. ఒక షరతు. నేను పేషెంటుగా వచ్చాను. ఆ రెండో సంగతి ఇక్కడ ఎత్తకూడదు."

"ఎత్తను."

ఆమె వెళ్ళాక జయకుమారి పనిముట్లు కడుగుతూ అడిగింది.

"రెండో సంగతి ఏంది సార్?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే స్టూలు గోడ దాకా ఎందుకు పోయింది సార్?"

క్లిప్పులు వేసిన మొదటి వారం జ్యోతిర్మయి బుగ్గల లోపల పుళ్ళు లేచాయి. గొంతులోకి కారం దిగలేదు. మిర్చి పండించేవాడి కూతురు పెరుగన్నం తింటోందని ఊళ్ళో అనుకుంటున్నారని వచ్చి చెప్పింది. శ్రీకృష్ణ తీగ చివర కత్తిరించి, మైనం ఉండ ఇచ్చి, ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ అద్దుకోమన్నాడు.

ఆ తర్వాత నెలకోసారి వచ్చేది. తీగ మారుస్తున్నంతసేపూ ఆయన మాట్లాడేవాడు. నోరు తెరిచి ఉండటం వల్ల ఆమె "ఆ" అనేది. ఒప్పుకున్నా "ఆ", ఒప్పుకోకపోయినా "ఆ". తేడా కళ్ళలో తెలిసేది.

"మా ప్రొఫెసర్ గారి కాలంలో ప్రతి పన్నుకీ ఒక స్టీలు ఉంగరం చేసి తొడిగేవారండీ. ఒక మనిషికి ఒక రోజంతా పట్టేది. ఇప్పుడు చిన్న లోహపు బిళ్ళని బొట్టుబిళ్ళలా పంటికి అంటించి లైటు పెడితే గట్టిపడుతుంది."

"ఆ."

"తీగ కూడా మారింది. ఇది నోటి వేడికి తన పాత ఆకారం గుర్తు తెచ్చుకుంటుంది."

ఆమె వేలు ఎత్తింది. ఆయన పట్టకారు బయటికి తీశాడు.

"లోహానికి గుర్తుండదండీ. వేడికి లోపలి అమరిక మారుతుంది. అది సరే, ఎంత ఫోర్స్ పెడుతున్నారు?"

"నూట యాభై గ్రాములు."

"గ్రాములు ద్రవ్యరాశికి. ఫోర్స్ న్యూటన్లలో చెప్పాలి."

"మా పుస్తకాల్లో గ్రాములే ఉంటాయండీ."

"పుస్తకాలు తప్పు."

మరుసటి నెల ఆమె కుర్చీలో కూర్చోగానే, అడక్కముందే, "ఒకటిన్నర న్యూటన్," అన్నాడు శ్రీకృష్ణ. ఆమె నవ్వింది. చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది గానీ ఆలస్యంగా వెళ్ళింది. ఆ రోజు ఆయన రెండు చోట్ల తీగ తప్పు కట్టి, విప్పి, మళ్ళీ కట్టాడు.

"ఈమె వచ్చిన రోజు మిగతా పేషెంట్లకి ఆలస్యమవుతోంది సార్," అంది జయకుమారి.

"కేసు కష్టమైంది."

"తెలుస్తూనే ఉంది సార్."

ఏడాది గడిచింది. పై పళ్ళు అయిదు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చాయి. శ్రీకృష్ణ షరతు తప్పలేదు. ఆమె వచ్చినప్పుడల్లా చెప్పాల్సిన మాట ఒకటి ఉండేది. ఆయన తర్వాతి అపాయింట్‌మెంటు తేదీ చెప్పి పంపేవాడు.

శ్రావణమాసం రాగానే వెంకటరావమ్మ మేనకోడలి వెంట క్లినిక్‌కి వచ్చింది. అప్పటికే జ్యోతిర్మయి కుర్చీలో ఉంది. బుగ్గలని రెండు వైపులా లాగి పట్టే ప్లాస్టిక్ చట్రం నోట్లో ఉంది. మాట్లాడే వీలు లేదు.

"ఏందయ్యా డాక్టరూ, గురువారం మంగళగిరి వాళ్ళు చూపులకొస్తున్నారు. ఆ పూటకి క్లిప్పులు తీసిపెట్టు. శుక్రవారం తెల్లారే తీసుకొస్తా, మళ్ళీ పెట్టు."

"ఇవి పూటకి తీసి పెట్టేవి కావండీ."

"ఎందుకు కావు? డెబ్బై రెండులో నాకూ వేశారు, ఈ గుంటూరులోనే. ప్లేటు. చూపుల నాడు తీసి పసుపు డబ్బాలో పడేశా. సంబంధం కుదిరింది. ఇంక ఆ ప్లేటు సంగతి ఎవరికి గుర్తుంది? మూడు నెలలకి పెళ్ళయింది."

"మరి పళ్ళు?"

"ఎక్కడివక్కడికి పోయినయ్యి. చూపుల్లో చూసిన పళ్ళు వేరు, పీటల మీద పళ్ళు వేరని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు."

జయకుమారి మొహం గోడ వైపు తిప్పుకుంది.

"అది ఊడదీసే ప్లేటండీ. ఇవి పంటికి అంటించినవి. తీయటం కుదరదని కాదు. తీస్తే మూసిన ఖాళీలు తెరుచుకుంటాయి. నాలుగు నెలల పని వెనక్కి పోతుంది," అన్నాడు శ్రీకృష్ణ.

"పోతే పోనీ. పిల్ల పెళ్ళి ముఖ్యమా, నీ ఖాళీలు ముఖ్యమా?"

"ఆ! ఊ ఆ ఊ!" అంది జ్యోతిర్మయి.

"నువ్వాగవే. నాకు అర్థమైందిలే అబ్బాయ్. నువ్వు వంక పెట్టిన పిల్ల ఇంకెవరికీ నచ్చకూడదనేగా?"

"నేనెప్పుడు వద్దన్నానండీ?"

అన్న తర్వాత గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. జ్యోతిర్మయి కళ్ళు ఆయన వైపు తిరిగాయి. అక్కడే ఉన్నాయి. ఆయన చట్రం తీయకుండా పట్టకారు కోసం వెతికాడు. పట్టకారు ఆయన చేతిలోనే ఉంది.

చివరికి జయకుమారి చట్రం తీసింది. జ్యోతిర్మయి మూతి తుడుచుకుంది.

"అత్తా, క్లిప్పులు తీయించను. క్లిప్పులతోనే కూర్చుంటా. ఇష్టమైతే చూస్తారు, లేకపోతే కాఫీ తాగి వెళ్తారు."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున క్లినిక్ ఫోను మోగింది.

"నీ క్లిప్పులు చూసి కూడా వాళ్ళకి నచ్చిందయ్యా," అంది వెంకటరావమ్మ. "అబ్బాయి ఇంజనీరు. బుద్ధిమంతుడు. వేళ్ళ సంగతులేం అడగలేదు."

శ్రీకృష్ణ ఫోను పెట్టేశాడు. తర్వాత అల్మరా తెరిచి, జ్యోతిర్మయి పళ్ళ ప్లాస్టరు అచ్చులు, ఎక్స్‌రేలు ఒక అట్టపెట్టెలో సర్దాడు.

తర్వాతి అపాయింట్‌మెంటుకి ఆమె వచ్చేసరికి పెట్టె బల్ల మీద ఉంది. మీద ఆమె పేరు ఉంది.

"ఏంటిది?"

"మిగతా పని విజయవాడలో మా సీనియరు చేస్తారండీ. మాట్లాడాను. మంచి చెయ్యి."

"ఎందుకు? నేను బ్రష్ సరిగా చేయటం లేదా?"

"చేస్తున్నారు."

"బిళ్ళలు ఊడగొట్టుకున్నానా?"

"లేదండీ."

"మరి నన్నెందుకు పంపిస్తున్నారు?"

శ్రీకృష్ణ జయకుమారి వైపు చూశాడు. ఆమె కదల్లేదు. కడిగిన పనిముట్లే మళ్ళీ కడగటం మొదలుపెట్టింది.

"పేషెంటుకి డాక్టరు చెప్పకూడని మాట ఒకటుంది. షరతు కూడా ఉంది. సంబంధం ఖాయమయ్యాక చెప్పినా ఉపయోగం లేదు. ఈ పెట్టె మీరు తీసుకుంటే మీరు నా పేషెంటు కారు. అప్పుడు చెప్పొచ్చు."

ఆమె పెట్టె రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది.

"తీసుకున్నాను. చెప్పండి."

"మీరు చూపుల నాడే నచ్చారు. ఆ మాట చెప్పటం చేతకాక వేలి సంగతి అడిగాను. మా వృత్తిలో మేము మొదట అడిగేది అదే. ఇంక వేరే ఏం అడగాలో నాకు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. మీరు ఒప్పుకుంటే మీ నాన్నగారితో మాట్లాడతాను. లేకపోతే విజయవాడ బస్సు ప్రతి పావుగంటకీ ఉంది."

జ్యోతిర్మయి పెట్టె దించలేదు.

"మంగళగిరి ఆయన గంటసేపు కూర్చున్నాడు. క్లిప్పులు చూస్తే నేను బాధపడతానని గంటసేపూ గోడ మీద క్యాలెండరు చూశాడు. మంచివాడే. నిన్న వద్దని చెప్పించాను."

"ఎందుకండీ?"

"ఎందుకా? నా మొహంలోకి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఒకడున్నాడని తెలిశాక, క్యాలెండరు చూసేవాడితో జీవితాంతం ఎట్లా వేగను?"

పనిముట్ల చప్పుడు ఆగిపోయింది.

"మీ అత్తగారు..." అన్నాడు శ్రీకృష్ణ.

"వారం రోజులు తిడుతుంది. తర్వాత పెళ్ళి చీరలు తనే కొంటానంటుంది. నాన్నకి ఇవాళ నేను చెప్తా. ఆయన మీ గురించి మా అత్త చాటున అడుగుతూనే ఉన్నాడు. ఇంకా ఎన్నాళ్ళ పని ఉంది నా నోట్లో?"

"మూడు నెలలు."

ఆమె పెట్టె తీసుకెళ్ళి అల్మరాలో ఎక్కడిదక్కడ పెట్టేసింది.

"విజయవాడ వెళ్ళను. ఆయనకి న్యూటన్లు నేర్పేసరికి ఇంకో ఏడాది పడుతుంది. ఇక్కడే పూర్తిచేయండి. అంటే నేను మళ్ళీ పేషెంటుని. షరతు మళ్ళీ మొదలు. ఇన్నాళ్ళూ నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఈ మూడు నెలలూ మీరు నోరు మూసుకుని పనిచేయండి."

"ఒక్క మాట..."

"మూడు నెలల తర్వాత."

ఆమె కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచింది. జయకుమారి లైటు వేసి, పట్టకారు అందించింది. ఆయన తీగ బిగించాడు. పేషెంటుని అడగదగినది ఒక్కటే మిగిలింది. అది అడిగాడు.

"నొప్పిగా ఉందా?"

లేదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్ళతో నవ్వుతూ ఊపుతూనే ఉంది.

"తల కదపకూడదండీ," అన్నాడు శ్రీకృష్ణ.