దూది చెవులు

కత్తిరి ఎండలు, ఏడాదిలోకెల్లా మండే ఎండలు, మొదలై వారమైంది. తెల్లవారి లేచిన యశోదమ్మ వాకిట నీళ్ళు చల్లలేదు, ముగ్గు వేయలేదు. నేరుగా పెరట్లోకి నడిచి, పాత నూలుపెట్టె తలుపు తీసి, లోపలి కుందేలు చెవులు పట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి. ఎండ ఇంకా గోడ దిగకముందే ఇంత వేడి ఉంటే మిట్టమధ్యాహ్నానికి దీని గతేమిటనుకుంది.

జర్మనీ యుద్ధం ముగిసిందని ఆ వారమే పేపర్లో వచ్చింది. నగరి నేతవీధిలో మాత్రం ఎవరికీ సంబరం లేదు. నూలు మీద సర్కారు కంట్రోలు ముగియలేదు, ఎండా ముగియలేదు. పెరటి బావిలో చేద వేస్తే బురద వస్తోంది. కాకులు నోళ్ళు తెరుచుకుని చూరు కింద కూర్చుంటున్నాయి. మనుషులే తట్టుకోలేని ఆ కాకలో ఒళ్ళంతా బొచ్చు కప్పుకున్న కుందేలు ఎలా బతకాలో యశోదమ్మకు అంతుపట్టలేదు. నిన్న మధ్యాహ్నం అది పక్కకు ఒరిగి ఎగపోస్తుంటే, దూడకు పోసినట్టు చెంబెడు నీళ్ళు దాని మీద గుమ్మరించింది. అది ఒక్కసారి కొయ్యబారిపోయి, చాలాసేపు వణికి, ఎలాగో తేరుకుంది. 

ఒక కుందేలు కోసం ఇంత బెంగ ఏమిటని వీధిలో వాళ్ళు నవ్వుకుంటారని ఆమెకు తెలుసు. నవ్వేవాళ్ళకేం, వాళ్ళ కూతుళ్ళు వాళ్ళ కళ్ళెదుటే ఉన్నారు. యశోదమ్మకు ఉన్నది ఒక్కతే కూతురు, పంకజాక్షి. నాలుగు నెలల కిందట, నర్సు చదువు చదువుతానని చిత్తూరు అవతలి మిషను ఆసుపత్రికి వెళ్ళిపోయింది. పెళ్ళికావలసిన పిల్ల ఊరూ పేరూ తెలియని మగవాళ్ళ పుండ్లు కడగడమేమిటని తండ్రి దొరస్వామి మండిపడ్డాడు. పిల్ల కూడా తండ్రి బిడ్డే, మాట వెనక్కి తీసుకోలేదు. చివరికి ఆయన, "పో. ఈ ఇంట్లో ఇంక నువ్వు కండె సుట్టే పని లేదు" అన్నాడు. మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇచ్చే నేతింటి ఆడబిడ్డకు అంతకంటే పెద్ద మాట లేదు. మిషను డాక్టరమ్మ తనకు ముద్దుగా ఇచ్చిన తెల్ల కుందేలును తల్లి ఒళ్ళో పెట్టి, "దూది జాగ్రత్తమ్మా" అని మాత్రం చెప్పి పంకజాక్షి బండెక్కింది.

అప్పటినుంచి దొరస్వామి కూతురి పేరు ఎత్తలేదు. ఉత్తరాలు వచ్చినా ఎక్కడివని అడగలేదు. వీధిలో భారతం గడగడా చదివే మనిషి, ఆ ఉత్తరాలను మాత్రం కంటితో చూడనైనా లేదు. యశోదమ్మకు అక్షరం ముక్క రాదు. పక్కింటి కుప్పమ్మ అయిదో తరగతి దాకా చదివింది కనుక ఆమె చేతే చదివించుకుని, ఆమె చేతే జవాబులు రాయించేది. పోయిన ఉత్తరంలో పంకజాక్షి రాసిన మాట ఆమెకు కంఠతా వచ్చు: సెలవిస్తే దూదిని చూడడానికి వస్తాను, కుందేలును చూసిపోవడానికి నాయన అడ్డు చెప్పడు కదా, అని. అంటే ఆ పిల్ల ఇల్లు చేరడానికి మిగిలిన సాకు ఈ కుందేలే. ఇది కాస్తా ఎండకు పోతే ఆ సాకూ పోతుంది. తర్వాత ఏ ముఖం పెట్టుకుని రమ్మంటుంది, ఏ ముఖం పెట్టుకుని ఆ పిల్ల వస్తుంది?

ఎండలో దూదిని ఎలా కాపాడాలో చెప్పమని కుప్పమ్మ చేత ఉత్తరం రాయించింది కూడా. జవాబు మొన్ననే వచ్చింది. వచ్చేనాటికి కుప్పమ్మ అక్క కానుపుకని పూతలపట్టుకు వెళ్ళిపోయింది. వీధిలో ఇంకెవరి చేతనైనా చదివించుకుంటే ఇంటి గుట్టు ఊరి పాలవుతుంది. మొగుణ్ణి అడగడానికి మనసు రాలేదు. ఆ ఉత్తరాన్ని మిగతా వాటితో పాటు రాగుల కుండలో దాచి, కుప్పమ్మ ఎప్పుడు వస్తుందా అని రోజులు లెక్కపెట్టుకుంటోంది.

పెట్టె తలుపు మూస్తూ ఆమె ఒక సంగతి గమనించింది. నాలుగు వైపులా తాను కప్పిన తడి గోనెపట్టా పడమటి వైపు మాత్రమే వేలాడుతోంది. ఏ కుక్కో లాగి ఉంటుందనుకుని మళ్ళీ చుట్టూ కప్పింది.

లోపల మగ్గాలింట్లో దొరస్వామి అలికిడి వినిపించింది. నేసేది ఏమీ లేకపోయినా ఆయన పొద్దున్నే అందులోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. ఆ మగ్గం మీద నిలువు పోగులు పరిచిన పడుగు ఒకే ఒకటి ఉంది. యుద్ధానికి ముందే దాచిన సన్ననూలు అది, పంకజాక్షి పెళ్ళి చీరకని ఎక్కించాడు. మూరెడు నేసి, ఆ పిల్ల వెళ్ళిన రోజున ఆపేశాడు. ఇంట్లో నూకలు నిండుకున్న రోజు కూడా దాన్ని తెగనమ్మే మాట ఎత్తనివ్వలేదు. దాని దరిదాపుల్లోకి ఎవరు వెళ్ళినా ఇంతెత్తున లేస్తాడు.

పొద్దెక్కాక యశోదమ్మ తాగే నీళ్ళకు ఊరవతలి బావికి వెళ్ళింది. అక్కడా ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. తన వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బిందె చంకనెత్తుకుని, కాళ్ళు బొబ్బలెక్కుతుంటే పరుగులాంటి నడకతో ఇల్లు చేరి, బిందె దించకుండానే పెరట్లోకి తొంగి చూసింది.

పెట్టె తలుపు తెరిచి ఉంది. లోపల గడ్డి తప్ప ఏమీ లేదు.

బిందె దించి, పెట్టె వెనకా, కట్టెల మోపు కిందా, మునగచెట్టు మొదట్లోనూ వెతికింది. పిలిస్తే పలికే జంతువు కాదని తెలిసినా పేరు పెట్టి పిలిచింది. అప్పుడు ఆమెకు మునస్వామి గుర్తొచ్చాడు. దొరస్వామి చిన్ననాటి స్నేహితుడు, కొండల్లో ఉచ్చులు వేసే మనిషి. నిన్న సాయంత్రం వచ్చి కుందేలును తొడ మీద తట్టి చూసి, ఎండకు పోయేలోగా కూర వండుకోకూడదా అని నవ్వాడు. దొరస్వామి నవ్వలేదు, కాదనీ అనలేదు. ఆమె నేరుగా మగ్గాలింటి వైపు నడిచింది.

ముప్పై ఏళ్ళ కాపురంలో యశోదమ్మ ఎన్నడూ మగ్గాలింటి తలుపు బాదలేదు. ఆ రోజు రెండు చేతులతో బాదింది. దొరస్వామి తలుపు ఓరగా తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కుందేలు యాడ?" అంది.

"మెల్లిగా మాట్లాడు."

"నాలుగు నెలలుగా మెల్లిగానే మాట్లాడతా ఉండా. ఇంక నా వల్ల కాదు. మునస్వామి చేతికి ఇచ్చినావా? చెప్పు. నా బిడ్డ ఈ గడప తొక్కేదానికి ఆ మూగజీవి ఒక్కటే దారయ్యా. నువ్వు బిడ్డకు కండె సుట్టే పని లేదంటివి. నేను నోరు మూసుకుంటి. దాని పేరు ఎత్తకపోతివి. నేనూ ఎత్తకపోతిని. బిడ్డ బతికుండంగానే లేనట్టు చేసినావే, ఆ కుందేలు నీకేం చేసింది?"

మాటలు ఒక్కొక్కటే ఆమెను దాటి బయటికి దూకాయి. కళ్ళ నీళ్ళతో మొగుడి ముఖం కూడా సరిగ్గా కనిపించలేదు. ఆయన అరుస్తాడనుకుంది, చెయ్యెత్తుతాడని కూడా అనుకుంది. దొరస్వామి ఆమె వెనక వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "బెదురుతాది. లోపలికి రా" అని పక్కకు తొలగాడు.

ఎండలోంచి రావడంతో మొదట ఆమెకు చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. పాదాలకు మాత్రం చల్లగా తగిలింది. పొడిగాలికి నూలు తెగకుండా ఎండాకాలం మగ్గం గుంతలో నీళ్ళు చల్లుతారు. నేసేవాడు కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే ఆ గుంతలో, తడి ఇసుక మీద, తొక్కుడు చెక్కల పక్కన దూది బారగా చాచుకుని పడుకుని ఉంది. కడుపు నెమ్మదిగా ఎగిసి పడుతోంది. దాని ముందు మట్టిమూకుడులో నీళ్ళు, నాలుగు కరివేపాకు రెమ్మలు. గుంత గట్టు మీద ఒక తడిగుడ్డ.

యశోదమ్మ గట్టు మీద కూలబడి చెయ్యి చాపింది. ఒళ్ళు పొడిగా ఉంది. చెవులు మాత్రం తడిగా, చల్లగా ఉన్నాయి. బతికే ఉందన్న నెమ్మది కలిగిన మరుక్షణమే, తల పైకెత్తి చూసింది. పడుగు అంచున కొన్ని పోగులు తెగి వేలాడుతున్నాయి. కత్తితో కోసినట్టు తెగలేదు, కొరికినట్టు ఉన్నాయి.

"అయ్యో, పడుగు కొరికేసిందే" అని కొంగుతో నోరు మూసుకుంది.

"పదకొండు పోగులు" అన్నాడు దొరస్వామి. "నేను నీళ్ళకు లేచినప్పుడు గట్టెక్కింది. ఏం చేస్తాం, దానికేం తెలుసు." మొగుడి నోట ఇంత మెత్తని మాట విని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

ఆమె అలవాటుగా మూకుడులో నీళ్ళు దోసిట్లోకి తీసుకుని దూది వీపు మీద చల్లబోయింది. ఆయన గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఒంటి మీద పోయొద్దు. చెవులు మాత్రమే తడపల్ల. దాని వేడంతా చెవుల్లోనే పోతాది. ఒళ్ళు తడిపితే అదిరి చచ్చిపోతాది. గోనెపట్టా కూడా చుట్టూ కప్పకూడదు, గాలాడక ఉడికిపోతాది."

"ఇదంతా నీకెవరు చెప్పినారు?"

దొరస్వామి తడిగుడ్డ తీసుకుని కుందేలు చెవిని రెండు వేళ్ళ మధ్య పెట్టి, నూలుకు గంజి పట్టించినంత సుతారంగా తుడిచాడు. ఆ చేతిని చూస్తూ చూస్తూ ఉండగా యశోదమ్మకు తెలిసింది. ఆ మాటలు ఊళ్ళో ఎవరికీ తెలియవు. తాను అడిగింది ఒక్క పంకజాక్షినే.

"రాగుల కుండలో ఉండేది నీకెట్ల తెలిసె?" అని మాత్రం అడిగింది.

"ముప్పై ఏండ్లుగా నువ్వు ఏది దాచినా ఆడనే గదా దాచేది."

"మొన్న వచ్చింది ఒక్కటే చదివినావా?"

"మొదటిదాన్నుంచి" అన్నాడు. తర్వాత ఆగి, ఇసుక వంక చూస్తూ చెప్పాడు. "నిన్న నువ్వు దాని మీద నీళ్ళు పోస్తా ఉంటే నేను ఆ తలుపు సందులోనుంచి సూస్తానే ఉండా. వద్దని నోటిదాకా వచ్చె. చెబితే ఉత్తరం చదివినానని నీకు తెలిసిపోతాదని ఊరకుంటి. అది వణకతా ఉంటే నాకు ఊపిరాడలేదు. నా బింకానికి అది చచ్చింటే, బిడ్డకు నేనేం చెప్పాల్సింది?"

యశోదమ్మ దూది వీపు నిమిరింది. చదవడం రాక తానూ, చదివానని చెప్పలేక ఆయనా, మధ్యలో ఆ నోరులేని ప్రాణిని చంపబోయారు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఉత్తరంలో ఇంకేం రాసిందో చదవమంది.

ఉత్తరం ఆయన బొడ్డులోనే ఉంది. మడత విప్పాడు గాని దాని వంక చూడలేదు. చూడకుండానే చివరి వాక్యాలు చెప్పాడు. "అమ్మా, ఇరవయ్యో తేదీ నుంచి నాకు వారం సెలవు. దూదిని ఒక్కసారి చూడాలని ఉంది. నాయన ఇంట్లో లేని వేళ ఏదో రాయించమ్మా. ఆ వేళకు వచ్చి, ఆయన తిరిగి వచ్చేలోగా వెళ్ళిపోతాను."

చెప్పడం అయిపోయాక ఆయన భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి మగ్గం గుంత గట్టున కూర్చుని ఏడుస్తుంటే యశోదమ్మ కూడా ఏడ్చింది. కొంతసేపటికి ఆయనే లేచి, గూట్లోంచి కార్డు, పెన్సిలు తీశాడు. పలక లాంటి చెక్కను మోకాలి మీద పెట్టుకుని, రాసింది రాసినట్టు ఆమెకు వినిపించాడు.

"చిరంజీవి పంకజాక్షికి మీ నాయన దీవించి రాయడమేమనగా. దూది క్షేమం. నువ్వు చెప్పినట్టు చెవులు మాత్రమే తడుపుతున్నాము. నాయన లేని వేళ అడిగినావు. నూలు లేదు గనుక నాయన ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు. నీ చీర పడుగులో పదకొండు పోగులు కుందేలు కొరికింది. అతకడానికి నా చూపు ఆనడం లేదు. నువ్వు రావాలి. వచ్చేదాకా మగ్గం ముట్టను."

"పేరు ఇంకోసారి చదువు" అంది యశోదమ్మ.

ఆయన ఆమె వేలు పట్టుకుని పెన్సిలు గీతల మీద ఆనించి, ఒక్కొక్క అక్షరమే పలికాడు. నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో తండ్రి నోట ఆ పేరు వినిపించింది. ఆమె వేలు అక్కడినుంచి తీయలేదు.

మూడింటి బండికి తపాలా సంచి వెళ్ళిపోతుందని దొరస్వామి కార్డు పట్టుకుని లేచాడు. రేణిగుంటలో బండి మారి అది చేరడానికే రెండు రోజులు పడుతుందట. ఈ ఎండలో ఎట్లా పోతావు, పొద్దు వాలనీ అని ఆమె ఎంత చెప్పినా వినలేదు. ఇక చేసేది లేక ఆమె తువ్వాలు బిందెలో ముంచి పిండి, ఆయన తలకు చుట్టి, రెండు చెవుల మీదికీ లాగింది.

"నీకూ చెవులు తడిపితే చాలేమో" అంది. దొరస్వామి ముఖం మీద నవ్వులాంటిది ఒకటి కదిలింది. చెప్పులు వేసుకుని ఎండలోకి దిగి, వీధి మలుపు దాకా గోడ నీడనే పట్టుకుని నడిచాడు.

యశోదమ్మ మగ్గాలింటి తలుపు దగ్గరికి వేసి, పన్నెండో పోగు తెగకుండా గుంత గట్టున కాపలా కూర్చుంది.