పిలవందే దాటడు

చీనావాళ్ళ పేట టాంగ్రాలో మూతపడ్డ తోళ్ళ కార్ఖానా పక్కన, మురిక్కాలువ మీద చిన్న వంతెన ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ ఆపమంటే ఏ రిక్షావాడూ ఆపడు. ఎందుకని అడిగితే తలొకరు తలొక కథ చెప్తారు. తెల్లచీర అంటాడొకడు. కాళ్ళు వెనక్కి తిరిగున్నాయంటాడు ఇంకొకడు. అన్నీ కోతలు. అక్కడ ఎవరూ ఏదీ చూడలేదు.

వినడమే.

ముసలి మగ గొంతు. హక్కా అనే చీనా భాషలో, దగ్గుతూ... "ఎవరది? ఎవరింటి పిల్లవి?"

ఆ గొంతు ఎవరిదో టాంగ్రా చీనావాళ్ళందరికీ తెలుసు. ల్యావ్ ఫూక్ సెన్‌ది. కాలువ అవతల ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని ఇవతల సంఘం హాలుకి వ్యాన్లో తెచ్చారు. పోయినవాణ్ణి నీళ్ళు దాటించేటప్పుడు పేరు పెట్టి చెప్పాలి — ఫలానావాడా, వంతెన వచ్చింది, మాతో రా — అని. చెప్పకపోతే అవతలి ఒడ్డునే ఉండిపోతాడు. ఆ రోజు వ్యాన్లో ఉన్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఒక్కడూ నోరు విప్పలేదు.

"బాగా అయింది," అంది యాప్ సియూ మోయ్ ఆ మాట విని.

చిన్నవాళ్ళందరికీ ఆమె ఆపో, అంటే అవ్వ. దెయ్యాలంటే ఆమెకి భయం లేదు. ఫూక్ సెన్ అంటే మంట. అది ఈనాటిది కాదు, చీనాతో యుద్ధం వచ్చిన ఏటిది. షిల్లాంగులో చీనా మొహం ఉన్నవాళ్ళందర్నీ ఇళ్ళలోంచి లేపి, రైలెక్కించి, రాజస్థాన్‌లో శిబిరానికి పంపారు కదా, ఆ రైలుది.

సియూ మోయ్ అప్పటికి చిన్నపిల్ల. వాళ్ళమ్మ, పోయిన తాతగారి పేరు చెక్కిన చెక్కపలకని బియ్యపు కుండలో దాచి తెచ్చింది. పలకలో తాత ఉంటాడు. వంతెన వచ్చినప్పుడల్లా ఆయనకి చెప్పాలి. అమ్మకి జ్వరం వచ్చి ఒళ్ళు తెలియక పడిపోతే, కుండ పిల్ల ఒళ్ళోకి వచ్చింది. ఆ రాత్రే పెద్ద నది దాటారు. తెల్లవారగానే, "ఆ నిద్రమొహం పిల్ల పడుకుంది, తాతని పిలవలేదు." అని రైలుపెట్టె నిండా చాటింది పక్కింటి కుర్రాడు ఫూక్ సెన్. శిబిరం చేరిన చలికాలంలోనే నాన్న పోతే, అందుకే పోయాడన్నారు. ఆ పేరు ఆమెకి అంటుకుపోయింది. మాజాంగ్ ఆట బల్ల దగ్గర, పెళ్ళి విందుల్లో, కొత్త సంవత్సరం నాడు... నిద్రమొహం.

ఇప్పుడు అది గోడకెక్కబోతోంది. ఫూక్ సెన్ మనవరాలు డోరీన్ పగలు బ్యూటీ పార్లరు నడుపుతుంది, సాయంత్రాలు సంఘం హాల్లో తమవాళ్ళ చరిత్ర పోగు చేస్తుంది. రేపే ఆ ప్రదర్శన ప్రారంభం. తాత బతికుండగా ఆయన గొంతు రికార్డు చేసి పెట్టింది. మీట నొక్కితే ఆ రైలు కథంతా ఆయనే చెప్తాడు. ఆ పెట్టెలో ఎక్కినవాళ్ళలో ఇక మిగిలింది సియూ మోయ్ ఒక్కతే.

ఆ సాయంత్రం హాల్లో మళ్ళీ గొడవైంది.

"ఆపో, మీరూ చెప్పండి. ఇద్దరివీ పక్కపక్కన పెడతాను."

"నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే మేకుకి తగిలిస్తావా? ముందు మీ తాతది తీసెయ్. అప్పుడు చెప్తా."

"పోయినాయన మాట ఎలా చెరపను?"

"బతికున్నదాన్ని చెరుపుతున్నావుగా! మా అమ్మ పోయేముందు కూడా అదే అడిగింది... ఎందుకు పడుకున్నావే, అని. పోయి జుట్లు కత్తిరించుకో, పో."

కర్ర టకటకలాడించుకుంటూ బయటపడింది. ఆమె ఇల్లు కాలువ అవతల. దీపాలు పోయాయి. నానిన తోళ్ళ కంపు ఇన్నేళ్ళయినా ఆ గోడల్ని వదల్లేదు. వంతెన నడిమికి వచ్చింది...

దగ్గు.

ఆమె ఆగింది.

"...ఆ నిద్రమొహం పిల్ల పడుకుంది," అంది గొంతు. తాపీగా, నవ్వుతూ. "వాళ్ళ తాత ఏటి ఒడ్డునే ఉండిపోయాడు."

ఇంకొకరైతే పరిగెత్తేవాళ్ళు. సియూ మోయ్ కర్రతో కమ్మీని ఠంగుమని కొట్టింది.

"పడుకోలేదురా, పీనుగా! చచ్చినా నీకు సిగ్గు రాలేదా? చీనా మాట వినపడితే దింపేస్తానన్నాడు తుపాకీవాడు. వాడు తలుపు దగ్గరే కూర్చున్నాడు. అందుకని కుండ మూతకి నోరానించి చెప్పాను. తాతా, వంతెన, మాతో రా... అని. వంతెన ఇనుము చప్పుడు ఆగేదాకా చెప్తూనే ఉన్నాను. మూత తడిసిపోయింది. నా ఊపిరికి తడిసిపోయిందిరా!"

రొప్పుతూ నిలబడింది.

కింద మురుగు కదిలిన చప్పుడు.

అప్పుడు... చాలా దగ్గరగా, కమ్మీకి అవతలి చివర...

"విన్నాన్లే. రైల్లో పై బల్ల మీద నేను మేలుకునే ఉన్నా."

సియూ మోయ్ అటు తిరిగింది.

"మరి ఎందుకురా ఆ మాటన్నావు?"

"అందరూ ఏడుస్తున్నారు... నవ్విద్దామని."

వెనక అడుగుల చప్పుడు. ఫోను వెలుగు మొహం మీద పడింది. డోరీన్!

"భయపడ్డారా ఆపో? అది మా తాత కాదు, నా స్పీకరు! రేపటికి సరిచూస్తున్నాను, హాలు కిటికీ తెరిచి ఉంది. బ్యాటరీది, గట్టిగా మోగుతుంది." పిల్ల నవ్వుతోంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "మీ అరుపు విని అది ఆపేసి పరిగెత్తుకొచ్చాను. మీరన్నదంతా ఇందులో పట్టాను. కుండ మూత కూడా."

"ఆపేశావా? ఎక్కడ?"

"ఏటి ఒడ్డునే ఉండిపోయాడు, అన్న చోట. ఆయన చెప్పింది అంతవరకే."

సియూ మోయ్ కర్రతో ఫోను చూపించింది. "అది మోగించు," అంది.

డోరీన్ ఫోను మోగించింది. ఆమె అరుపు. రొప్పు. తర్వాత మురుగు నీళ్ళ చప్పుడు. "మరి ఎందుకురా ఆ మాటన్నావు?" మళ్ళీ ఆమె గొంతే. మళ్ళీ మురుగు నీళ్ళు.

అంతే. వాడి మాట ఒక్కటీ లేదు.

"వెధవ!" అంది సియూ మోయ్. "ఇన్నేళ్ళకి ఒప్పుకున్నాడు. అదీ నాకొక్కదానికే వినపడేట్టు!"

"ఎవరు, ఆపో?"

ఆమె పిల్ల చేతిలో ఫోను లాక్కుని కమ్మీ అవతలి చివరకి చాపింది.

"ఫూక్ సెన్! నీ వాళ్ళు నిన్నిక్కడ వదిలేశారని తెలుసు. పేరు పెట్టి పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలానని కూడా తెలుసు. పిలుస్తాను. కానీ ముందు ఇందులో చెప్పు. రేపు పదిమంది వినాలి. ముందు నువ్వు చెప్పు!"

మురుగు చప్పుడు ఆగింది. పురుగుల రొద కూడా ఆగింది. డోరీన్ మెల్లిగా ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఆపో..." అంది గుసగుసగా. "ముందు నువ్వు పిలువు, అని దగ్గుతూ అన్నదెవరు?"