ఇసకలంక రేవు గడియారం

టిక్... టిక్... టిక్... పీప్!

అరచేతిలో పట్టే ఆ డబ్బా కూయగానే రేవు గుమస్తా పోలారావు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"వచ్చిందండీ! వచ్చేసిందండీ!"

"వచ్చింది," అని నవ్వింది గడియారాల శాస్త్రవేత్త డాక్టర్ మెహరున్నీసా. "వెయ్యి కిలోమీటర్ల అవతల ఒక అణు గడియారం ఉంది. అది సెకనుకో చప్పుడు రేడియోలో పంపుతుంది. ఈ రిసీవర్ ఆ చప్పుళ్లు విని మీ కంప్యూటర్‌కి సరైన టైము చెబుతుంది. వంతెన దగ్గర కంప్యూటర్‌కీ ఇలాంటిదే పెట్టాను."

ఆ రెండు కంప్యూటర్లకీ ఒక్క సెకను తేడా వచ్చినా కొంప మునుగుతుంది. డ్రైవరు లేని కొత్త లాంచీ సరిగ్గా తొమ్మిదికి కదలాలి, దాని కోసం వంతెన వేళకి తెరుచుకోవాలి. ఇవాళ పరీక్ష నెగ్గితే లాంచీ ఇసకలంకదే, లేదంటే వేరే రేవుకి పోతుంది. పాత లాంచీ నిన్నటితో ఆగిపోయింది. ఆస్పత్రికి పోవాలన్నా లంకవాళ్లకి ఇక నాటుపడవే దిక్కు. పోలారావుదీ ఆ లంకే మరి, రాత్రి కునుకు పడితే ఒట్టు.

కంప్యూటర్ టైము సర్దుకోగానే, దానికి కలిపిన, లంకంతటికీ కనబడే రేవు గడియారంలో ముల్లు పది నిమిషాలు వెనక్కి తిరిగింది.

"ఇంత తేడా ఎలా వచ్చింది?" అంది డాక్టర్ ఆశ్చర్యంగా.

పోలారావు బుర్ర గోక్కున్నాడు. "నేనే పెట్టానండీ. మావాళ్లు ఓ పట్టాన తెమలరండి. పన్నెండేళ్లబట్టి పది నిమిషాలు ముందుకి తిప్పి ఉంచుతున్నానండి. ఆ సంగతి వాళ్లకీ తెలుసండి. గడియారంలో తొమ్మిదీ పది అయ్యేసరికి, అంటే అసలు తొమ్మిదికి వస్తారు, లాంచీ అందుకుంటారు."

"అయితే వెంటనే చెప్పండి వాళ్లకి!"

పోలారావు మైకు అందుకుని గొంతు చించుకున్నాడు. "గడియారం కరెక్టు టైము చూపిస్తోందర్రా! తొందరగా రండి!"

లంకలో జనం నవ్వుకున్నారు. పన్నెండేళ్లుగా రోజూ ఆయన చెప్పేది ఈ మాటే.

తొమ్మిదయింది. సెకనులో వెయ్యోవంతు తేడా లేకుండా లాంచీ కదిలింది, వంతెన తెరుచుకుంది. ఎంత ముచ్చటగా వెళ్లిందనీ! పోలారావు ఆనందం పట్టలేక గంతేశాడు. అప్పుడు చూశాడు, లాంచీలో పురుగు కూడా లేదు. తొమ్మిదీ పదికి మూటలతో, బుట్టలతో రేవు నిండా జనం!

పరీక్ష అధికారి ఫోన్ చేశాడు. "టైములో తేడా సున్నా. ప్రయాణికులూ సున్నా. మూడింటికి ఇంకొక్క ట్రిప్పు చూస్తాం. అదీ ఖాళీగా వస్తే లాంచీ మీకు అక్కర్లేదనుకుంటాం."

పోలారావు డాక్టర్ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, ఆ ముల్లొక్కటీ పది నిమిషాలు ముందుకి..."

"నా ఇరవై ఏళ్ల కష్టం ఇందుకా!" అని పళ్లు కొరికింది డాక్టర్. కొరుకుతూనే కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక లైను చేర్చింది. లాంచీకీ వంతెనకీ అణు గడియారం టైమే ఉంటుంది. రేవు గడియారానికి మాత్రం అందులో సరిగ్గా పది నిమిషాలు కలుస్తాయి.

మూడింటికి లాంచీ కిటకిటలాడింది. పోలారావుకి కళ్లు చెమర్చాయి. అందరికన్నా చివర ఎక్కిన నూకాలమ్మ మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని, మూడూ పది చూపిస్తున్న గడియారాన్ని తృప్తిగా చూసింది.

"పొద్దున పాడైపోయిందండీ," అంది డాక్టర్‌తో. "బాగు చేసి పుణ్యం కట్టుకున్నారు."