జ్వరం దిగిన పూట

"మా ఇంట్లో ఏ తొట్టీ చూడక్కర్లేదు. పక్కింటికి వెళ్ళు" అంది చిన్నకోడలు, తలుపు ఓరగా తెరిచి.

గుమ్మం బయట టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ పెద్దకోడలికి ఆ మాట కొత్త కాదు. ఇల్లిల్లూ తిరిగి నిల్వ నీళ్ళలో దోమపిల్లలున్నాయేమో వెతకడం, ఎవరికి జ్వరమొచ్చినా ఆరోగ్యశాఖకు కబురందించడం ఆమె ఉద్యోగం. ఊళ్ళో ఎవరు విసుక్కున్నా నవ్వి ఊరుకునేది. ఈ గుమ్మం దగ్గర మాత్రం నవ్వు వచ్చేది కాదు... అత్తగారు జ్వరంతో కన్నుమూసిన వేళ ఆమె డ్యూటీలో ఉంది. కాన్పుకని పుట్టింటికి వెళ్ళిన చిన్నకోడలు చంటిబిడ్డతో వచ్చి, "ఊరందరి జ్వరాలూ చూస్తావు, ఇంటి మనిషిని గాలికొదిలేశావు" అని నలుగురిలో అనేసింది. ఆనాటి నుంచి రాకపోకల్లేవు. ఆ చంటిది ఇప్పుడు బడికి వెళుతోంది.

"పాపకి జ్వరమని విన్నాను. ఎలా ఉందే?"

"పొద్దున్నే దిగిపోయింది. హాయిగా పడుకుంది."

లోపల పిల్ల వాంతి చేసుకున్న చప్పుడు వినిపించింది. పెద్దకోడలు మరి ఆగలేదు. తలుపు తోసుకుని వెళ్ళి మంచం మీదున్న పిల్ల నుదుట చెయ్యి వేసింది. పిల్ల కడుపు పట్టుకుని మూలుగుతోంది. ఒళ్ళు కాలడం లేదు గానీ అరిచేతులు చల్లగా, చెమటతో జిగటగా ఉన్నాయి.

"ఆటో పిలువు. ఆస్పత్రికి వెళ్ళాలి."

"జ్వరమే లేనిదానికి ఆస్పత్రెందుకు?"

"ఇది డెంగ్యూలా ఉంది. జ్వరం దిగాకే దీంతో అసలు భయం. నన్ను తర్వాత తిట్టుకుందువుగాని, నీ ఓపికున్నన్నాళ్ళు తిట్టుకో. ముందు పిల్లనెత్తుకో, తల్లీ."

ఆ "తల్లీ" అన్న పిలుపు విని ఎన్నాళ్ళయిందో... చిన్నకోడలు పిల్లనెత్తుకుంది.

డాక్టరు రక్తపరీక్ష చేయించి, డెంగ్యూయేనని చెప్పి సెలైను పెట్టించాడు. పెద్దకోడలు వరండాలోకి వెళ్ళి ఆఫీసుకు ఫోన్ చేసి, తమ వీధిలో జ్వరముందని, మనుషుల్ని పంపమని చెప్పి వచ్చింది. ఇక ఆ మంచం వదల్లేదు. తడిగుడ్డతో పిల్ల పెదవులు అద్దుతూ, పాదాలు రుద్దుతూ, మధ్యమధ్య చెంచాతో నీళ్ళు పడుతూ కూర్చుంది. పొద్దువాలేసరికి చేతులు వెచ్చబడ్డాయి. "అమ్మా, ఆకలి" అని పిల్ల గొణిగింది. అది విని తల్లి గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"రేపు మా తొట్లన్నీ చూడక్కా. మేడ మీద డ్రమ్ముకైతే మూతే లేదు. అందులో ఏముందో తలుచుకుంటే నాకే భయమేస్తోంది."

"ఇద్దరం కలిసి వంచేద్దాంలే."

చిన్నకోడలు చాలాసేపు ఆ తడిగుడ్డ పట్టుకున్న చేతి వంకే చూసింది.

"అత్తయ్య దగ్గరా... ఇలాగే కూర్చున్నావా, అక్కా?"

పెద్దకోడలు తలెత్తలేదు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న అది.

"పాదాలు రుద్దితేగాని నిద్రపట్టేది కాదే ఆవిడకి" అంది మెల్లగా.

చిన్నకోడలు మంచానికి అటువైపు కూర్చుని, పిల్ల రెండో పాదం ఒళ్ళోకి తీసుకుంది.