చెయ్యి పెట్టండి సార్

ఏడాదికోసారి ఫ్యాక్టరీని పూర్తిగా ఆపి మరమ్మతులు చేస్తారు. యంత్రాల హోరుకు అలవాటుపడ్డ చెవులకు ఆ రోజు నిశ్శబ్దమే పెద్ద చప్పుడు. మిట్టమధ్యాహ్నం. పనివాళ్ళంతా భోజనాలకు వెళ్ళారు. చెల్లెమ్మ మాత్రం టార్చి పట్టుకుని స్విచ్ రూము కింది నేలమాళిగలోకి దిగింది.

చెల్లెమ్మ అన్నది ఆమె పేరు కాదు. ఆమె అన్న ఇక్కడే ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. కొన్నేళ్ళ కిందట ఈ నేలమాళిగలోనే, ప్యానెల్‌లో చెయ్యి పెట్టి, కరెంటు కొట్టి చనిపోయాడు. స్విచ్ ఆపకుండానే పనికి దిగాడని, తప్పంతా అతనిదేనని తేల్చేశారు. ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. పట్టుబట్టి అదే పని నేర్చుకుంది. హెల్పరుగా చేరి, లైసెన్సు పరీక్ష నెగ్గి, అన్న పనిముట్ల సంచే భుజానికి తగిలించుకుంది. అన్నతో పనిచేసినవాళ్ళంతా ఆమెను చెల్లెమ్మా అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపే స్థిరపడిపోయింది.

పనిలో ఆమెకు ఒకటే పట్టింపు. మెయిన్ స్విచ్ తనే ఆపాలి, ఇంకెవరూ ఆన్ చెయ్యకుండా దానికి తన తాళమే వెయ్యాలి, తాళంచెవి తన మెడలోనే ఉండాలి. అన్న పోయిన రోజు స్విచ్‌కు అసలు తాళమే పడలేదు. ఎందుకు పడలేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఈ మధ్యాహ్నమూ తాళం వేసే దిగింది. లోపల చీకటి చిక్కగా ఉంది. చెమ్మగిల్లిన సిమెంటు వాసన, పాత రబ్బరు వాసన. ప్యానెల్ తలుపు తెరిచి, లోపలి రాగి పట్టీలకు ఒక్కోదానికీ టెస్టరు ఆనించింది. వెలగలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇన్‌చార్జి. అన్న రోజుల నుంచీ పైఅధికారి, నెమ్మదస్తుడని పేరున్న మనిషి. అన్న పోయినప్పుడు ఇంటికొచ్చి, అమ్మ ముందు కూర్చుని కళ్ళొత్తుకున్నాడు. చెల్లెమ్మను ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే.

“ఇంకా ఎంతసేపమ్మా? సాయంత్రానికి ప్రొడక్షన్ లైను నడవాలి. పైవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు.”

“బోల్టులు బిగిస్తే అయిపోయినట్టే సార్.”

అప్పుడు మొదలైంది ఆ మోత. సన్నగా... జుమ్మంటూ... కరెంటు పారుతున్న ప్యానెల్ చేసే మోత.

“ఎవరు ఆన్ చేశారు?” అన్నాడు ఇన్‌చార్జి, రెండడుగులు వెనక్కి వేసి.

చెల్లెమ్మ మెడ తడుముకుంది. తాళంచెవి ఉంది. మళ్ళీ టెస్టరు పెట్టింది. వెలగలేదు. మోత మాత్రం పెరుగుతోంది. కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది. దాని వెనకే మరో వాసన... అన్నను ఇంటికి మోసుకొచ్చిన రోజు ఇల్లంతా నిండిన వాసన.

ప్యానెల్ వెనక నుంచి ఎవరో గుసగుసగా అడిగారు.

“ఆఫ్ చేశారా సార్?”

చెల్లెమ్మ పుట్టిన దగ్గర్నుంచీ విన్న గొంతు అది.

ఇన్‌చార్జి మొహంలో నెత్తురు చుక్క లేదు.

“తాళం వేసుకొస్తానంటే అక్కర్లేదన్నారుగా... ఆఫ్ చేశారా సార్?”

“మీ అన్నను ఆపమనమ్మా! నువ్వు చెబితే వింటాడు!” ఆయన చెల్లెమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “లైను ఆగితే నా ఉద్యోగం ఊడేది. అందుకే ఆఫ్ చేశానని అబద్ధం చెప్పాను. ఒక్క బోల్టే కదా, ఏం కాదులే అనుకున్నాను...”

“తీరా ప్రాణం పోయాక తప్పు మా అన్న నెత్తిన రుద్దారు,” అంది చెల్లెమ్మ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “మా అమ్మ ముందు కూర్చుని ఏడ్చారు కూడా.”

ఆయన మెట్ల వైపు పరుగెత్తబోయాడు. కాళ్ళు కదల్లేదు. కుడి చెయ్యి మెల్లగా పైకి లేచింది. ఆయన లేపలేదు... ఎడమ చేత్తో దాన్ని వెనక్కి గుంజుకుంటూనే ఉన్నాడు.

“నేను ఆఫ్ చేశాను సార్,” అంది ఆ గొంతు, ఎంతో మర్యాదగా. “చెయ్యి పెట్టండి.”

వేళ్ళు రాగి పట్టీని పట్టుకున్నాయి.

నిప్పురవ్వ లేవలేదు. ఒళ్ళు మాత్రం విల్లులా వంగింది. దవడలు బిగుసుకుపోయాయి. కళ్ళు చెల్లెమ్మనే చూస్తున్నాయి...

గోడకు కొక్కెం కర్ర వేలాడుతోంది. కరెంటు పట్టేసిన మనిషిని దూరం నుంచి లాగెయ్యడానికి పెట్టిన కర్ర. చెల్లెమ్మ చేతులు నేర్చిన పని మరిచిపోలేదు. కర్ర అందుకుంది. కొక్కేన్ని ఆయన నడుముకు తగిలించింది. ఒక్క గుంజు గుంజితే చాలు.

“పిచ్చుకా...”

చెవి పక్కనే. ఆమెను అలా పిలిచేది అన్న ఒక్కడే.

“ఆయన్ని వదిలెయ్యమంటావా?”

చెల్లెమ్మ నోరు తెరిచింది. అమ్మ కళ్ళ ముందు మెదిలింది. కొడుకు నిర్లక్ష్యంతో పోయాడన్న ప్రతివాడి ముందూ ఇన్నేళ్ళూ తల దించుకుని తిరిగిన అమ్మ.

నోరు మూసుకుంది. కొక్కెం విడదీసి, కర్రను మళ్ళీ గోడకు తగిలించింది.

మోత చాలాసేపటికి గానీ ఆగలేదు.

విచారణకు వచ్చినవాళ్ళు మెయిన్ స్విచ్ చూశారు. ఆఫ్‌లోనే ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. ఆ పూట ఫ్యాక్టరీ మొత్తంలో ఎక్కడా కరెంటు లేదు. గుండె ఆగి పోయాడన్నారు. మరి అరచెయ్యి ఎముక దాకా ఎందుకు కాలిందని ఒకరూ పైకి అడగలేదు.

చెల్లెమ్మ ఇల్లు చేరేసరికి చీకటి పడింది. వీధి మొత్తానికి కరెంటు పోయింది. అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“ఆయన ఒప్పుకున్నాడమ్మా. అన్న తప్పేం లేదు.”

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. చెల్లెమ్మ గ్లాసు అందుకోబోయింది. చిటుక్కుమంది. గ్లాసు జారి కిందపడింది.

“ఏమిటే ఇది? నీ చెయ్యి తగిలితే షాకు కొట్టింది!”

చెల్లెమ్మ తన అరచేతులు చూసుకుంది. మామూలుగానే ఉన్నాయి. ఈ చీకట్లో చూడగలుగుతోందంటే... తలపైన బల్బు ఎర్రగా మినుకుమంటోంది. వీధిలో మరే ఇంట్లోనూ వెలుగు లేదు. జుమ్మంటూ అదే మోత... ఈసారి తన ఒంట్లోంచే.

“దగ్గరికి రాకమ్మా,” అంది వెనక్కి జరుగుతూ.

“పిచ్చిపిల్లా, జడుసుకున్నావే,” అంటూ అమ్మ అప్పటికే రెండు చేతులూ చాచింది.