నాటిన చెయ్యి, తోలిన చెయ్యి

“ఆ నారు ముట్టుకోకు!”

అత్తగారి కేక వాకిలి దాటి వీధిలోకి వినిపించింది. టమాటా నారు ట్రే అందుకోబోయిన కోడలు నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఎండ పడుతోంది అత్తయ్యా... నీడకి జరుపుదామని...”

“ఎండకి చావదులే, నీ చేతికి చస్తుంది! పోయినేడు చూశాంగా నీ చేతి మహిమ! నారు నేను నాటుతాను, కూలీలు నాటుతారు. నువ్వు నీళ్లు మొయ్యి, చాలు!”

ఏడాదిగా ఇవే మాటలు! పోయినేడు ఆమె తన చేతులతో మూడు వేల మొక్కలు నాటింది. నాలుగో రోజున కురిసిన ఒక్క వానకి అవన్నీ మట్టితో సహా కొట్టుకుపోయాయి. నాటిన చెయ్యి మంచిదైతే ఎంత వానకైనా వేరు పట్టుకునేదని తీర్పు చెప్పేశారు అత్తగారు. అంతే! ఆ రోజు నుంచి వంగ విత్తనం చల్లాలన్నా, పెరట్లో బీర పాదు పెట్టాలన్నా ఆమెను పక్కకి నెట్టేవారు. వినీ వినీ చివరికి ఆమె కూడా నమ్మేసింది. అంట్లు తోముతూ తోముతూ ఆగి, అరచేతులు తిప్పి చూసుకునేది... వీటిలో ఏ విషం దాగుందో అని!

అరుగు మీద భర్త కూర్చుని ఉన్నాడు. భుజం బెణికి కుడి చెయ్యి మెడకి కట్టిన పట్టీలో వేలాడుతోంది. తల్లి మాటలన్నీ విన్నాడు. విని, పేపరు తిప్పాడు.

ఆమె బిందె చంకన పెట్టుకుని ఇంటి వెనక తోటలోకి నడిచింది.

నేల అప్పటికే దున్ని పిండిలా మెత్తగా ఉంది. ట్రాక్టర్ వెనక, మట్టిని గట్లుగా ఎగదోసే బోదె నాగలి తగిలించి, దాని రెండు రెక్కల మధ్య దూరం సరిచేసి, పానాతో బోల్టులు బిగిస్తున్నాడు మరిది. పక్కనే నేలలో రెండు మేకులు, వాటి మధ్య బిగించి కట్టిన తాడు. మొదటి సాలు ఆ తాడు వెంట పడాలి. మిగతావన్నీ చక్రం జాడ పట్టుకుని దాని పక్కనే వస్తాయి.

“తాడు అడ్డంగా కట్టావేంటి? పోయినేడు మీ అన్నయ్య పైగట్టు నుంచి కిందగట్టుకి తోలారుగా?”

“అందుకేగా కొంప మునిగింది!” తల ఎత్తకుండానే అన్నాడు మరిది. “వాలు వెంట బోదెలు తోలితే వాన నీళ్లకి మనమే రోడ్డు వేసి ఇచ్చినట్టు వదినా. మట్టిని కోసుకుంటూ పోతాయి. వాలుకి అడ్డంగా వేస్తే కాలువల్లో ఆగి నేలలోకి దిగుతాయి. పొడుగ్గా తోలితే మలుపులు తక్కువ, పని తొందరగా అయిపోతుందని అన్నయ్య అలా కానిచ్చేశాడు. వాన వెలిసిన రోజే నాతో అన్నాడు, తప్పు నాదేరా అని...”

పానా ఆగిపోయింది.

“ఏమన్నారు?”

“వదినా... నీకు తెలుసనుకున్నాను...”

బిందె నేల మీద పడి దొర్లింది. ఆమె వెనక్కి తిరిగింది. ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. అరుగు ముందుకి వచ్చి నిలబడింది.

“వాన వెలిసిన రోజే తెలుసా మీకు?”

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. “మెల్లగా! అమ్మ వింటుంది...”

“వినాలనే!”

“అది కాదే... ఆ నాగలి కొనొద్దని అమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. పట్టుబట్టి కొన్నాను. దానితోనే పంట పోయిందంటే ఇంట్లో నా మాటకి విలువుంటుందా? నిన్నయితే నాలుగు రోజులు తిట్టి, మర్చిపోతుందనుకున్నా...”

“నాలుగు రోజులా? ఏడాదండీ! మీ మాటకి విలువ కోసం నా రెండు చేతులూ నరికి మీ అమ్మగారి ముందు పెట్టారు! లేవండి! ఇప్పుడే చెప్పండి ఆవిడకి!”

“చెప్తానే... ఈ నాట్లు కానీ...”

ఆమె ఇంకొక్క క్షణం అక్కడ ఆగలేదు.

తోట గట్టు మీద కూలీలు అప్పటికే నారు ట్రేలు దించుతున్నారు. అత్తగారు కొంగు బిగించి మొక్కలు లెక్కపెడుతున్నారు. పడమటి ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది.

“దిగు!” అంది ఆమె, ట్రాక్టరెక్కి కూర్చున్న మరిదితో.

“నీకు తోలడం వచ్చా వదినా?”

“మా నాన్న ట్రాక్టర్ మీద పెరిగాను. మా పొలం పళ్లెంలా చదును కాబట్టి వాలు సంగతి తెలియలేదు కానీ, స్టీరింగ్ సంగతి తెలుసు. దిగు!”

ట్రాక్టర్‌ను పైగట్టుకి తీసుకెళ్లి, ముందుచక్రాలు కిందికి తిప్పి, లివర్ దించింది. నాగలి భూమిలోకి దిగి మట్టిని రెండు వైపులా ఎగజిమ్మింది. వాలు వెంట! సూటిగా కిందికి!

“ఎటు తోలుతున్నావు వదినా!” మరిది అరిచాడు.

“పోయినేడు మీ అన్నయ్య తోలినట్టే! ఈసారి అత్తయ్య నాటుతారుగా, అచ్చొచ్చిన చెయ్యి! ఆ మబ్బు దిగిందంటే ఎవరి చెయ్యి ఏపాటిదో తేలిపోతుంది!”

తమ్ముడి అరుపు విని ఇంట్లోంచి భర్త పరుగెత్తుకొచ్చాడు. చెప్పులు కూడా లేవు.

“ఆపు! అటు తోలకు!”

ఆమె సాలు మధ్యలో ట్రాక్టర్ నిలిపింది కానీ ఇంజన్ ఆపలేదు. ఇంకా హోరెత్తించింది. “ఎందుకు? వినపడటం లేదు, గట్టిగా చెప్పండి!”

“మొక్కలు పోతాయి!”

“నాటేది మీ అమ్మగారండీ! ఎలా పోతాయి?”

“చేతిలో ఏముంది! తోలడంలో ఉంది!” గొంతు చించుకుని అరిచాడు అతను. ఆమె ఠక్కున ఇంజన్ ఆపేసింది. అతని అరుపు మాత్రం ఆగలేదు. “పోయినేడు తప్పంతా నాది! దాని చేతిలో ఏ దోషమూ లేదు!”

కూలీల్లో ఒకావిడ ఉండబట్టలేక, “ఏడాది పట్టిందా బాబూ, నోరు పెగలడానికి!” అనేసింది.

అత్తగారు కొడుకు దగ్గరికి నడిచారు. “అడ్డగాడిదా! నా నోటితో ఈ పిల్లని అన్నేసి మాటలు అనిపించావా! ఒక్కసారి... ‘అమ్మా, ఇక చాల్లే’ అనలేకపోయావా!” అంటూ కోడలి వైపు తిరిగారు. నారు ట్రే రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. “నువ్వే నాటు తల్లీ... మొదటి మొక్క నీ చేత్తోనే...”

ఈ మాట కోసం ఆమె ఎంత ఏడ్చింది! కానీ ఆ మాట వచ్చేసరికి చెయ్యి చాచాలనిపించలేదు.

“నేను నాటను అత్తయ్యా. నా చెయ్యి మంచిదని మొక్కలతో సాక్ష్యం చెప్పించుకునే ఖర్మ నాకు లేదు. ఈ రోజు ట్రాక్టర్ నాది. నాటడం మీ అబ్బాయిది. ఎడమ చెయ్యి బాగానే ఉందిగా!”

వాలు వెంట వేసిన సాలును చెరిపేసి, మరిది కట్టిన తాడు పక్కన మొదటి బోదె వేసింది. చీపురుపుల్లలా తిన్నగా వచ్చింది. దాని మీద భర్త ముడుకుల మీద కూలబడి, ఒంటి చేత్తో గుంట తీసి, మొక్క పెట్టి, మట్టి అదుముతూ వచ్చాడు. రెండో మొక్క ఒరిగిపోతే వెనకనుంచి అత్తగారు, “సరిగ్గా పెట్టు, సచ్చినోడా!” అని కసిరారు.

రెండో బోదె చివర ట్రాక్టర్ తిప్పుతుంటే అతను తలెత్తాడు. ముఖం నిండా మట్టి, చెమట.

“కోపం... తగ్గిందా?”

ఆమె బోదెలు వేయాల్సిన నేల వైపు ఒకసారి చూసింది.

“ఇంకా ముప్పై బోదెలున్నాయి. అవి అయ్యాక అడగండి,” అని లివర్ దించింది.